ఏడో తెప్ప మీద ఎండ

ఫిబ్రవరి 8

మూర లోతున ఇసుక వేడి: 33.1 డిగ్రీలు. రాత్రి తెప్ప ఎక్కిన తల్లి తాబేళ్ళు: పదమూడు. పెట్టిన గూళ్ళు: పదమూడు. పొగమంచును నీరుగా పట్టే వల కింది తొట్టిలో మంచినీళ్ళు: రెండు బిందెలు.

తెల్లవారగానే గూళ్ళు గుర్తించడం నా మొదటి పని. తల్లి ఇసుకలో ఈడ్చుకుంటూ వెళ్ళిన జాడ నా చిన్ననాటి ట్రాక్టరు చక్రం జాడలా ఉంటుంది. ఈ పోలిక ఇప్పటివారికి పనికిరాదు కనుక ఇకపై రాయను. ప్రతి గూటి పక్కన వెదురు పుల్ల గుచ్చి, ఉత్తరం నుంచి దక్షిణానికి చోటును బట్టి అంకె వేస్తాను. మరునాడు పై వరుస గుడ్ల మీది ఇసుకను కుంచెతో తొలగించి చూస్తాను. ప్రాణం పోసుకున్న గుడ్డు మీద ఒక రోజు గడిచేసరికి గోరంత తెల్లని మచ్చ కనిపిస్తుంది. లేని గుడ్డు పసుపుపచ్చగా అలాగే ఉండిపోతుంది.

పదేళ్ళ కిందట నూటికి తొంభై గుడ్ల మీద మచ్చ ఉండేది. ముందటేడు అరవై. నిరుడు నలభై ఒకటి.

తల్లుల్లో లోపం లేదు. సముద్రంలో తండ్రులు లేరు. గుడ్డు పెట్టిన పదిహేనో రోజు మొదలు ముప్ఫై అయిదో రోజు వరకు ఇసుక ఎంత వేడిగా ఉందో దాన్ని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది. ముప్ఫై డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి. ముప్ఫై రెండు దాటితే అన్నీ ఆడవే. సముద్రం లేచి తీరంలోని ఇసుకతిన్నెలన్నిటినీ మింగాక, తాబేళ్ళ కోసం మనం కట్టిన ఈ తేలే తెప్పల మీద ఇసుక లోతు తక్కువ, ఎండ ఎక్కువ. చాలా ఏళ్ళుగా నేను లెక్కపెట్టి సాగనంపినవన్నీ ఆడపిల్లలే.

ఫిబ్రవరి 11

వేడి 33.3. గూళ్ళు తొమ్మిది.

పావురాళ్ళకొండ మీది తీరమండలి నుంచి అధికారిణి రెహానా వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మర్యాద తెలిసిన మనిషి. పడవ నుంచి తెప్ప మీదికి కాలు పెడుతూ నాకు చెయ్యి అందించబోయింది. ఎక్కుతున్నది తాను, నేను కాదు. ఆ మాటే చెప్పాను.

"అలవాటండీ మామ్మగారూ," అంది నవ్వుతూ.

"నా పేరు హైమవతి. ముప్ఫై మూడేళ్ళు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను. హైమవతిగారు అంటే పలుకుతాను."

"సరే, హైమవతిగారూ." కాసేపు ఇసుక వైపు చూసింది. "మండలి నిర్ణయం అయిపోయింది. కాగితం ఇచ్చేముందు నోటితో చెబుదామని నేనే వచ్చాను. ఈసారి పుట్టిన పిల్లల్లో కూడా మగవి లేకపోతే ఏడో తెప్ప ఇసుక దించేస్తారు. సందర్శకుల కోసం వేదిక కడతారు. ఉయ్యాలలు, టిఫిన్ బల్లలు, అలాంటివి."

"రాత్రి తల్లులు వచ్చి ఉయ్యాలల కింద గుడ్లు పెట్టాలా?"

"నాలుగు తెప్పలు ఇప్పటికే దించాం కదండీ. అక్కడికి వచ్చేవి రావడం మానేశాయి."

మానలేదు. గోడల చుట్టూ తిరిగి తిరిగి గుడ్లను నీళ్ళలో వదిలేశాయి. ఆమె ఎరుగని సంగతి కాదు కనుక నేను చెప్పలేదు.

ఇసుకను చల్లబరిచే దారులన్నీ ఇద్దరం మరోసారి వల్లించాం. ఇసుక అడుగున ఉన్న చల్లనీటి గొట్టాలు ఉప్పుకు తుప్పు పట్టిపోయి తొమ్మిదేళ్ళయింది. పందిరి వేయడం నిషేధం. అయిదో తెప్ప మీద వేసిన గుడారాలు గాలి పట్టి, లంగరు తెంపి, తెప్పను గట్టుకేసి కొట్టాయి. గుడ్డ గాని రేకు గాని ఇసుక మీదే పరిస్తే గుడ్లకు గాలి ఆడదు. గుడ్లను కొండ మీది పెట్టెల్లో పొదిగిస్తే, ఆ పిల్లలు పుట్టినచోటు ఎరగవు కనుక పెద్దయ్యాక ఏ తెప్పకూ రావు.

"పెద్దవాళ్ళ వసతిగృహంలో మీ కోసం గది ఉంచారు. సముద్రం కనిపిస్తుంది," అంది వెళ్ళబోతూ.

"ఇక్కణ్ణుంచి కూడా కనిపిస్తుంది," అన్నాను.

ఫిబ్రవరి 13

వేడి 33.4. గూళ్ళు ఇరవై రెండు. బియ్యం, పప్పు దర్శన పడవలో వచ్చాయి.

దర్శన పడవ రోజుకు మూడు తడవలు తిరుగుతుంది. దాని అడుగు అద్దం. పడవ నడుపుతూ మైకులో వర్ణించేవాడు సింహాద్రి. నలభై ఏళ్ళవాడు. అతని గొంతు తెప్పలన్నిటికీ వినిపిస్తుంది. వద్దనుకున్నా వినిపిస్తుంది.

"కింద చూడండమ్మా, మనం ఇప్పుడు పాత బీచ్ రోడ్డు మీద నుంచి వెళ్తున్నాం. అదిగో, ఆ నల్లగా కనపడేది ట్రాఫిక్ సిగ్నల్. ఆగక్కర్లేదండి, గ్రీన్‌లోనే ఉంది! ఎడమ చేతి పక్కన నీళ్ళలోంచి తల పైకెత్తి చూస్తున్నది లైట్‌హౌసు. కుడి చేతి పక్కన ఏడో తెప్ప. ఆ గొడుగు కింద కూర్చున్నావిడే ప్రఖ్యాత తాబేళ్ళ మామ్మగారు! చెయ్యి ఊపండి, ఆవిడ ఊపరు, అయినా ఊపండి!"

డెబ్భై మంది చేతులూపారు. ఎండలో కూర్చుని లెక్కలు రాసుకుంటున్న మనిషిని మునిగిన లైట్‌హౌసు పక్కన చేర్చి చూపడం సభ్యత కాదని అతనికి ఇది పదహారోసారి చెప్పడం.

"మీరు కనపడకపోతే జనం టికెట్టు వాపసు ఇమ్మంటన్నారండి," అన్నాడు బియ్యం మూట దించుతూ.

ఫిబ్రవరి 17

వేడి 33.4. గూళ్ళు ఏడు.

మధ్యాహ్నం పాత దినచర్య పుస్తకాలన్నీ దించాను. ఈ తెప్ప ఎక్కి ఇరవై నాలుగేళ్ళు, పుస్తకాలు ఇరవై నాలుగు. ఒకప్పుడు కొద్దిగానైనా మగపిల్లలు పుట్టేవని జ్ఞాపకం. ఎప్పుడు, ఎన్ని అన్నది జ్ఞాపకాన్ని కాక కాగితాన్ని అడగాలి.

పిల్ల బయటికి వచ్చాక పెంకులో మిగిలిన తడిని పరీక్ష పట్టీకి అద్దుతాం. ఆడపిల్ల అయితే పట్టీ ఎర్రబడుతుంది, మగపిల్ల అయితే ఆకుపచ్చ అవుతుంది. మొదటి రెండు పుస్తకాల్లో ఆకుపచ్చలు నూటికి పద్ధెనిమిది, ఇరవై ఒకటి. మూడో పుస్తకంలో సున్నా. తరువాత ఇరవై ఒక్క ఏళ్ళు సున్నా. నేను ప్రతి ఏటా దాని ఎదురుగా "సముద్రం వేడెక్కుట వలన" అని రాశాను.

సముద్రం ఒక్క ఏడాదిలో అంతగా వేడెక్కదు. నా విద్యార్థి ఎవరైనా అలా రాసి ఉంటే ఆ జవాబు కొట్టేసేదాన్ని.

సాయంత్రం వరకు ఆకుపచ్చ పట్టీల గూటి అంకెలు ఏరాను. ఒక్కటి కూడా ఉత్తరపు వైపుది కాదు. అన్నీ అరవై దాటిన అంకెలే. అంటే దక్షిణపు కొస. నేను ఉష్ణమాపకాలు పెట్టింది నా గది పక్కన, ఉత్తరాన. చదవడానికి అనుకూలమని. దక్షిణపు కొసన ఇసుక ఎంత వేడిగా ఉందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ కొలవలేదు.

ఆ రోజుల్లో దక్షిణాన ఏముండేదో నాకు బాగా తెలుసు. వలలు.

ఫిబ్రవరి 18

వేడి 33.5. గూళ్ళు నాలుగు. తొలి గూళ్ళకు ఇవాళ్టికి పదో రోజు. పదిహేనో రోజుకు అయిదే రోజులున్నాయి.

ప్లాస్టిక్ వలలు నిషేధమయ్యాక జాలరులు జనపనార వలలు అల్లుకున్నారు. నార వల తడి ఆరకపోతే కుళ్ళుతుంది. వేకువనే వేటకు వెళ్ళి, పొద్దెక్కాక తిరిగి వచ్చి, మా పక్కనున్న వలల తెప్పవారు తమ వలలు తెచ్చి మా దక్షిణపు ఇసుక మీద రెండు మడతలుగా పరిచేవారు. పొద్దు వాలేలోగా చుట్టుకుని బల్లవంతెన మీదుగా తీసుకుపోయేవారు. తల్లులు ఎక్కేది చీకటి పడ్డాక గనుక వాటికి అడ్డం లేదు. వల ఎండను ఆపుతుంది, గాలిని ఆపదు. తడి ఆరుతూ ఇసుకలోని వేడిని తీసుకుపోతుంది. ఇది నేను ముప్ఫై మూడేళ్ళు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పిన పాఠం.

ఈ తీరంలో మగపిల్లలను కన్నది ఏడో తెప్ప ఒక్కటే. దాన్ని ఆపించింది నేను.

మూడో పుస్తకంలో ఆ పేజీ చూశాను. దక్షిణాన పరిచిన వలలో ఒక తల్లి ముందరి రెక్కలు చిక్కుకుని తెల్లవారేసరికి చనిపోయింది. ఆ వల నూకరత్నానిది. వలల తెప్పకు ఆమె అప్పుడూ ఇప్పుడూ పెద్ద. నేను కొండ మీద మండలి సభలో మైకు పట్టుకుని "వల పరిచి మరచిపోయే అజాగ్రత్తపరులకు ఈ తెప్ప మీద చోటు లేదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. "మరిసిపోనేదు, వంతెన తీసేసినారు" అని ఆమె అరిచింది. ఆ మాటను నేను పుస్తకంలో "సాకు" అని రాసుకున్నాను.

ఆ పేజీకి ముందు పేజీ ఇన్నేళ్ళలో ఎన్నడూ తిప్పలేదు. ఈ రోజు తిప్పాను. నా చేతిరాతే. "మొదటి దర్శన పడవ వచ్చినది. పెద్దలు, సందర్శకులు నూట ఇరవై మంది. తెప్ప శుభ్రముగా కనబడవలెనని నాలుగు గంటలకే బల్లవంతెన తీసివేసి గడియ వేసితిని."

వలలు ఎత్తుకోవడానికి వచ్చినవారికి దారి లేదు. మూసినది నేను.

ఫిబ్రవరి 19

వేడి 33.5. గూళ్ళు రెండు.

ఉదయం బల్లవంతెన వేసి వలల తెప్పకు వెళ్ళాను. బల్ల వెడల్పు రెండు జానలు. కింద అల ఉంది. అవతల ఇద్దరు చేతులు చాచారు. అక్కరలేదన్నాను. నడుమ ఒకచోట ఆగాను, అంతే.

నూకరత్నం కూర్చుని వల చిరుగులు అల్లుతోంది. అరవై నాలుగేళ్ళు. తల ఎత్తలేదు.

"ఓలమ్మ, పంతులమ్మగోరే! దారి తప్పినారేటి?"

"తప్పలేదు. నీతో పని ఉండి వచ్చాను."

"ఇరవై రెండేళ్ళకి పని పడ్డాదా? ఏ నచ్చత్రాన పుట్టినానో నాను."

కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. ఆకుపచ్చ పట్టీలు, దక్షిణపు కొస, వలల నీడ, తడి. ఎక్కడా ఏదీ దాచలేదు. ముందు పేజీ సంగతి కూడా చెప్పాను. అల్లిక ఆగింది.

"అంటే ఆ దినం వంతెన మూసినట్టు మీ పుస్తకంలోనే రాసి ఉందా?"

"ఉంది."

"మీరే రాసినారా?"

"నేనే రాశాను."

నూకరత్నం పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఇన్నారటే? నాను అన్నేళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పుస్తకంలో భద్రంగా ఉందంట!" మళ్ళీ నా వైపు తిరిగింది. "మా వలలు వెదుళ్ళ మీద ఏలాడదీసి ఆరబెడతన్నాం. సగం కుళ్ళిపోతన్నాయి. ఏడాదికి మూడుమాట్లు కొత్తవి అల్లుతున్నాం. తెలుసునా మీకు?"

"తెలియదు. తెలుసుకోలేదు."

"ఇప్పుడేటి కావాలి మీకు?"

"ఎప్పటిలాగే వలలు పరవమని అడగడానికి వచ్చాను. పొద్దెక్కాక పరచి, పొద్దు వాలేలోగా తీయాలి. ఇరవై రోజులు. నాలుగు రోజుల్లో మొదలుకావాలి. లేకపోతే ఈ తెప్ప ఇసుక దించేస్తారు."

ఆమె నా పాదాల వైపు చూసింది. తడిసి ఉన్నాయి.

"ఆ దినం మైకులో సెప్పినారు. అందరూ ఇన్నారు. ఈ దినం నా సెవిలో సెప్తే ఎలాగ? ఇదీ మైకులోనే సెప్పండి. పరుత్తాం."

కొండ మీది సభ మళ్ళీ ఎప్పుడు కూడుతుందో అన్నాను.

"సభెందుకు? మా సిమ్మాద్రి గొంతు సాలదేటి?"

ఫిబ్రవరి 20

వేడి 33.6.

పది గంటల దర్శన పడవ ఆపించాను. సింహాద్రికి సంగతి చెప్పాను. మైకు నా చేతికిచ్చి, తువ్వాలుతో బల్ల తుడిచాడు. నేను కూర్చోలేదు.

నేను చెప్పినది యథాతథంగా:

"నా పేరు హైమవతి. ఇరవై రెండేళ్ళ కిందట ఈ తెప్ప మీద ఒక తల్లి తాబేలు వలలో చిక్కుకుని చనిపోయింది. అది నూకరత్నం అజాగ్రత్త వలన జరిగిందని నేను సభలో అన్నాను. అది అబద్ధం. ఆ వల ఎత్తుకోవడానికి ఆమె వచ్చింది. సందర్శకులకు తెప్ప శుభ్రంగా కనిపించాలని వంతెన మూసినది నేను. ఆమె నిజం చెప్పింది, నేను వినలేదు. దాని వలన ఆమె తెప్పవారికీ, ఈ సముద్రానికీ నష్టం జరిగింది. తప్పు నాది."

వెనుక వరుసలో ఒకావిడ సింహాద్రిని అడగడం మైకులో వినిపించింది: "ఇది కూడా టూర్‌లో ఉందాండీ?"

"నేదమ్మా. ఈ ఒక్క దినమే," అన్నాడు.

వలల తెప్ప నుంచి నూకరత్నం గొంతు నీళ్ళ మీదుగా వచ్చింది. "సరిగ్గా ఇనబడనేదు! మరొక్కసారి సెప్పమను!"

మళ్ళీ చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట తగ్గించకుండా.

ఫిబ్రవరి 23

తొలి గూళ్ళకు పదిహేనో రోజు. దక్షిణాన కొత్తగా పెట్టిన ఉష్ణమాపకం: వలలు పరిచే ముందు 33.2, సాయంత్రం 32.5.

తొమ్మిది గంటలకు పదకొండు మంది ఆడవాళ్ళు భుజాల మీద తడి వలలతో వంతెన దాటారు. గుర్తుపుల్లలు విరగకుండా వల ఎలా విసరాలో నేను చెప్పబోయాను.

"పంతులమ్మగోరూ, మీరు లెక్కలు రాసుకోండి," అంది నూకరత్నం.

నేను లెక్కలు రాసుకున్నాను. ఉప్పునీరు లోపలికి ఎంత దిగుతుందో రెండుచోట్ల తవ్వి చూశాను. రెండు వేళ్ళ లోతు దాటలేదు. గుడ్లకు ప్రమాదం లేదు.

ఫిబ్రవరి 26

దక్షిణం 31.2. ఉత్తరం 33.6.

రెహానా వచ్చింది. తెప్ప మీద వలలు నిషేధమని గుర్తుచేసింది. ఆ నిబంధనకు ఇరవై రెండేళ్ళుగా నా పేరే ఉందని నేను గుర్తుచేశాను. పుస్తకాలు ముందు పెట్టాను. రెండు గంటలు చదివింది. కాఫీ ఇస్తే తాగడం మరిచిపోయింది.

"ఇది వలల వల్లే అని ఎలా చెప్పగలరు? దక్షిణాన గాలి ఎక్కువేమో."

"ఇరవై రెండేళ్ళుగా గాలి అక్కడే ఉంది. మగపిల్లలు లేరు."

ఆమె దక్షిణపు కొసకు వెళ్ళి వల కింద చెయ్యి పెట్టి చూసింది. "పిల్లలు బయటికి వచ్చే దాకా ఏమీ రాయను. ఆ రోజు పెంకులు మాత్రం నేనే పరీక్షిస్తాను. మీరు తాకకూడదు," అంది.

అలా అడిగినందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

ఫిబ్రవరి 28

దక్షిణం 30.6.

నూకరత్నం గిన్నెతో కానాగంత చేపల పులుసు పంపింది. కారం ఎక్కువ. ఖాళీ గిన్నె తిప్పి పంపడం ఎరగను. నేను పీపాలో పెంచే నిమ్మమొక్కకు కాసిన కాయలు ఆరు వేసి పంపాను. "పుల్లటివే దొరికినాయా" అని కబురు వచ్చింది.

మార్చి 3

ఉదయం ఆరుకు దక్షిణం 30.5. పదకొండుకు 31.6. ఒంటిగంటకు 32.3.

లైట్‌హౌసుకు అవతల కానాగంతల గుంపు కనిపించిందని పడవలన్నీ వేకువనే వెళ్ళాయి. అలాంటి గుంపు పడితే చీకటి పడేదాకా రావు. వలలన్నీ సముద్రంలో ఉన్నాయి. మబ్బు లేదు, గాలి లేదు. ఇలాంటి రోజు ఒకటైతే ఫరవాలేదు. ఆ గుంపు వారం రోజులు కదలదని సింహాద్రి అన్నాడు. వారమంటే ఇరవై రోజుల్లో మూడోవంతు.

వేటకు వెళ్ళవద్దని వారిని అడిగే హక్కు నాకు లేదు. అయినా వంతెన దాకా నడిచాను. నూకరత్నం అప్పటికే వంతెన మీద ఉంది. నెత్తిన పాత చిరుగుల వలల మోపు.

"కుళ్ళిపోయినాయి అన్నాను కదా. పారేయనేదు. మావాళ్ళు ఏటకెల్లినారు, మేం ఆరుగురమే ఉన్నాం. అటకల మీద ఇంకా ముప్పై మోపులున్నాయి. ఎవులు మోత్తారు?"

వాళ్ళు ఆరుగురు ముసలివాళ్ళు, నాతో ఏడుగురం. సరిగ్గా అప్పుడు కుడి చేతి పక్కన తాబేళ్ళ మామ్మగారిని చూపించడానికి రెండు గంటల దర్శన పడవ వచ్చింది.

నేను చెయ్యి ఊపాను.

పడవలోనివారందరూ లేచి నిలబడ్డారు. సింహాద్రి మైకు వదిలేసి అరిచాడు. "ఏటయినాదండీ?"

"ఆ జనాన్ని దించు. చెప్పులు విప్పించు. పుల్లల మధ్య ఎక్కడ అడుగు పెట్టాలో నేను చెబుతాను. చెప్పినచోటు తప్ప కాలు మోపరాదు."

డెబ్భై మంది దిగారు. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ కొంగు బిగించి రెండు మోపులు మోసింది. ఒక పెద్దాయన వల కొస పట్టుకుని నిలబడమంటే పాట ఎత్తుకున్నాడు. వలలను సముద్రంలో ముంచి తెచ్చి, మూడు మడతలుగా పరిచారు. కుళ్ళిన నార వాసనకు ఇద్దరు ముక్కు మూసుకున్నారు. ఎవరూ మానలేదు. ఒక్క గుర్తుపుల్ల విరిగింది. విరగ్గొట్టినవాడు వచ్చి తానే చెప్పాడు.

సాయంత్రం అయిదింటికి 31.0.

మార్చి 10

గుంపు వారం ఉంది. ప్రతి రోజూ రెండు గంటల పడవ మా తెప్ప దగ్గర ఆగింది. దక్షిణం ఈ వారం సగటున 30.7. నిన్న సింహాద్రి మైకులో నన్ను "హైమవతిగారు" అన్నాడు. కారణం అడగలేదు.

మార్చి 15

తొలి గూళ్ళకు ముప్ఫై అయిదో రోజు. జరగవలసినది జరిగిపోయింది. ఇక గుడ్డు లోపల ఏమున్నా మార్చలేం. తరువాతి గూళ్ళ కోసం వలలు పరుస్తూనే ఉన్నాం.

మార్చి 30

ఉదయం అయిదున్నరకు అరవై నాలుగో గూటి పైన ఇసుక కుంగింది. ఆరింటికి మొదటి ముక్కు కనిపించింది. ఏడింటికల్లా దక్షిణాన పన్నెండు గూళ్ళు తెరుచుకున్నాయి. కబురు పంపితే రెహానా తల కూడా దువ్వుకోకుండా వచ్చింది.

గూటికి పది పెంకుల చొప్పున నూట ఇరవై. ఆమె బల్ల వేసుకుని ఒక్కొక్క పట్టీ అద్దింది. నేను ఆమె కోరినట్టే దూరంగా కూర్చున్నాను. నూకరత్నం నా పక్కన గొంతుక్కూర్చుంది.

మొదటి పట్టీ ఎరుపు. రెండోది ఎరుపు. తొమ్మిది దాకా ఎరుపే.

"ఏటండీ ఇది," అంది నూకరత్నం గుసగుసగా.

"ఆగు."

పదోది రెహానా చాలాసేపు పట్టుకుని చూసింది. తరువాత మా వైపు తిప్పి పైకెత్తింది. ఇంత దూరానికి నా కళ్ళకు రంగు తెలియదు. నూకరత్నం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది కనుక తెలిసింది.

ఎరుపు ఎనభై నాలుగు. ఆకుపచ్చ ముప్ఫై ఆరు. రెహానా రెండుసార్లు లెక్కపెట్టింది. ఉత్తరపు గూళ్ళు తరువాత పెట్టినవి కనుక ఇంకా తెరుచుకోలేదు. అవి తెరుచుకున్నాక వాటి పెంకులూ ఆమే చూస్తుంది. అక్కడ ఒక్క ఆకుపచ్చ కూడా ఉండదని నా అంచనా, ఆమె అంచనా కూడా. ఇసుక దించే ఆజ్ఞ నిలిపివేసినట్టు నా పుస్తకంలోనే రాసి సంతకం చేసింది. మిగిలిన రెండు తెప్పలకు కూడా వలలు పరిచేవారు దొరుకుతారా అని నూకరత్నాన్ని అడిగింది.

"మమ్మల్ని కాదు, పంతులమ్మగోర్ని అడగండి. వంతెనలు మూసేది ఆవిడే," అంది నూకరత్నం. తరువాత, "మా సెల్లెలి కోడళ్ళున్నారు. అడిగి సెప్తాను," అంది.

పిల్లలు ఏటవాలు మీదుగా నీళ్ళలోకి జారడం మొదలుపెట్టాయి. తొలి పడవ సందర్శకులు తాడుకు ఇవతల నిలబడి చూశారు. సింహాద్రి మైకు తీయలేదు.

"ఇందులో మగపిల్లలేవో మీకు తెలుత్తాదా?" అని నూకరత్నం అడిగింది.

"తెలియదు. చూడడానికి అన్నీ ఒకటే."

"పెద్దయ్యాక?"

"ఆడవి గుడ్లు పెట్టడానికి ఇక్కడికే వస్తాయి. మగవి ఒక్కసారి నీళ్ళలోకి దిగాక మళ్ళీ జన్మలో నేల ఎక్కవు."

"మా మావా అంతే. పడవెక్కినాడంటే పిలిసినా పలకడు." ఒక పిల్ల వెల్లకిలా పడి కొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకుంది. ముట్టుకోకూడదని ఆమెకు తెలుసు. అది తనంతట తనే తిరగబడి సాగింది. "మరి అవి బతికినాయో నేదో, మనం సేసిన పని పలించిందో నేదో మనకెలా తెలుత్తాది?"

"పదిహేనేళ్ళకు ఇవి ఈడుకొస్తాయి. ఆ ఏడాది తల్లులు పెట్టే గుడ్లు చూస్తే తెలుస్తుంది. అప్పటికి నాకు తొంభై నాలుగు."

"అయితే ఉండండి," అంది నూకరత్నం. "ఇప్పుడు ఎక్కడికెల్తారు?"

ఈ సలహాకు నా అభ్యంతరం ఏదీ లేదని నమోదు చేస్తున్నాను.